అమ్మోనియా ఫోరామ్‌లను వర్గీకరించడం ఎలా: బురద శాంపిల్ నుంచి శాస్త్రీయ నామం దాకా

కాకినాడ తీరంలోనో, పులికాట్ సరస్సులోనో, కృష్ణా నది సముద్రంలో కలిసే చోటో చెంచాడు బురద తీసి, సన్న జల్లెడలో కడిగి మైక్రోస్కోప్ కింద పెట్టండి. చుట్టలు తిరిగిన చిన్న చిన్న గుల్లలు కనిపిస్తాయి. వాటిని కట్టుకున్నది ఏకకణ జీవి, పేరు ఫోరామినిఫెరా. ఈ రంగంలో పనిచేసేవాళ్లు పొట్టిగా ఫోరామ్ అంటారు. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట తీసిన శాంపిల్ అయితే ఆ గుల్లల్లో పెద్ద వాటా అమ్మోనియా ప్రజాతిది (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) అయ్యే అవకాశం ఎక్కువ. ఉప్పదనం పెరిగినా తగ్గినా, ఆక్సిజన్ కొంత తక్కువైనా తట్టుకుని బతకగల జీవి ఇది.

ఇంత విరివిగా దొరికే గుల్లకు పేరు పెట్టడం సులువే అనిపిస్తుంది. కానీ ఫోరామ్‌లలో తప్పుడు పేరు ఎక్కువగా పడేది దీనికే. చాలా జాబితాల్లో ఏ దేశపు తీరమైనా, ఏ ఆకారమైనా ‘అమ్మోనియా బెక్కారి’ అనే ఒక్క పేరే కనిపిస్తుంది. ఆ పేరు నిజానికి ఇటలీలో అడ్రియాటిక్ తీరాన ఉన్న రిమినిలో దొరికిన, ఒంటినిండా నగిషీ ఉన్న పెద్ద గుల్లది. గోదావరి బురదలోని నున్నటి చిన్న గుల్లకు అదే పేరు పెడితే రెండు వేర్వేరు జీవుల జీవావరణ సమాచారం ఒకే ఖాతాలో పడుతుంది. పాత తీరరేఖలను, పాత రుతుపవనాలను ఈ గుల్లల సాయంతో చదివేవాళ్ల లెక్క కూడా అక్కడే తప్పుతుంది.

భూగర్భశాస్త్రం, సముద్ర జీవశాస్త్రం చదివే విద్యార్థులనూ, స్టీరియో మైక్రోస్కోప్ చేతిలో ఉన్న ఆసక్తిపరులనూ దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. పని క్రమం ఇది: ముందు ప్రజాతిని నిరూపించాలి, తర్వాత లక్షణాలు రాసుకోవాలి, ఆ లక్షణాలను బట్టి గుల్లలను గుంపులుగా విడదీయాలి. జాతి పేరు వీటన్నిటి తర్వాతే. ఆధారం ఎంతవరకు ఉంటే పేరు అంతవరకే వెళ్లాలి.

మొదట, పేరు వెనుక చరిత్ర కొంచెం

1731లో బొలోన్యాకు చెందిన యాకొపో బార్తొలొమేయో బెక్కారి అక్కడి ఇసుకలో కంటికి ఆనని గుల్లలను వర్ణించాడు. 1739లో జొవాన్ని బియాంకి, జానూస్ ప్లాంకూస్ అనే పేరుతో, రిమిని తీరపు ఇసుకలోని చిన్న గుల్లలకు బొమ్మలు వేసి ప్రచురించాడు. 1758లో లిన్నేయస్ ఈ గుల్లకు బెక్కారి గౌరవార్థం ‘నాటిలస్ బెక్కారి’ అని పేరు పెట్టాడు. గదులు గదులుగా చుట్ట తిరిగి ఉంది కాబట్టి నాటిలస్ లాంటి మెత్తని శరీరపు సముద్ర జీవే దీన్ని కట్టిందని అప్పట్లో అనుకున్నారు. 1770ల మొదట్లో బ్రూనిక్ దీనికి అమ్మోనియా అనే ప్రజాతి పేరు ఇచ్చాడు. ఆ సంవత్సరం కొన్నిచోట్ల 1771 అని, కొన్నిచోట్ల 1772 అని కనిపిస్తుంది. ఏది వాడినా మీ రాతలో మొదటి నుంచి చివరిదాకా అదే వాడండి.

ఆల్సీడ్ డోర్బిన్యి 1826లో ఫోరామినిఫెరా అనే గుంపును ఏర్పరచినప్పుడు కూడా వీటిని ఆక్టోపస్‌ల బంధువుల కిందే ఉంచాడు. ఇవి ఏకకణ జీవులని 1835లో ఫెలిక్స్ డుజార్డిన్ తేల్చాడు. బతికున్న ఫోరామ్‌లు దారాల్లాంటి మిథ్యాపాదాలు చాపడం అతను గమనించాడు.

ఇప్పటి వర్గీకరణలో అమ్మోనియా స్థానం ఇది: రైజారియా అనే పెద్ద సమూహంలో ఫోరామినిఫెరా వర్గం, అందులో గ్లోబోథాలమియా తరగతి, రొటాలియిడా క్రమం, రొటాలియాయిడియా అధికుటుంబం, అమ్మోనియిడే కుటుంబం. గ్లోబోథాలమియా అనే తరగతి 2013లో పావ్లోవ్‌స్కీ, హోల్జ్‌మన్, టిష్కా ప్రతిపాదించినది. డీఎన్ఏనూ గుల్ల ఆకారాన్నీ కలిపి చూసి చేసిన విభజన అది. పాత పుస్తకాల్లో, ముఖ్యంగా 1987 నాటి లోబ్లిక్, టప్పన్‌ల పెద్ద గ్రంథంలో, అమ్మోనియా రొటాలియిడే కుటుంబంలోని ఒక ఉపకుటుంబంలో ఉంటుంది. రెండు చోట్లా మాట్లాడుతున్నది ఒకే గుల్ల గురించే కాబట్టి టెన్షన్ పడనక్కర్లేదు. ఏ పద్ధతిని అనుసరిస్తున్నారో మీ నివేదికలో ఒక్క వాక్యం రాస్తే చాలు.

మొదటి అడుగు: బురద తీయడం

అమ్మోనియా బురద పై పొరలో బతుకుతుంది. పైనున్న 1 సెం.మీ. మందం మాత్రం తీయండి. సముద్రపు అడుగు ఫోరామ్‌లతో పర్యావరణ పరిశీలన చేసేవాళ్ల కోసం 2012లో ‘ఫోబిమో’ పేరుతో వచ్చిన సిఫార్సులు కూడా ఇదే చెబుతాయి. ఒక్కో చోట మూడు విడి శాంపిళ్లు తీయమంటాయి. అక్షాంశ రేఖాంశాలు, నీటి లోతు, ఉప్పదనం, ఉష్ణోగ్రత, పోటా పాటా అన్న వివరం అక్కడికక్కడే రాసుకోండి. గోదావరి దగ్గర వరదల నెలలకీ వేసవికీ ఉప్పదనంలో చాలా తేడా ఉంటుంది, తేదీ లేని శాంపిల్ సగం పనికిరాదు. కోరింగ మడ అడవి అభయారణ్యం లాంటి చోట్ల అటవీ శాఖ అనుమతి లేకుండా ఏమీ తీయకూడదు.

బతికున్న వాటిని చచ్చినవాటి నుంచి విడదీయాలంటే ఆల్కహాల్‌లో రోజ్ బెంగాల్ అనే రంగు కలిపి శాంపిల్ మీద పోస్తారు. లీటరుకు 2 గ్రాముల రంగు, కనీసం 14 రోజులు. లోపల జీవపదార్థం ఉన్న గుల్లలు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇటీవలే చచ్చిపోయినవాటికి కూడా రంగు పట్టొచ్చు. అందుకని ఎక్కువ గదుల్లో చిక్కగా, సమంగా రంగు ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. డీఎన్ఏ పరీక్ష ఉద్దేశం ఉంటే ఈ రంగు జోలికి పోకుండా కొంత బురదను విడిగా, సముద్రపు నీటితోనే, చల్లగా ల్యాబ్‌కు తేవాలి.

మడ అడవుల నల్ల బురదతో ఒక ప్రమాదం ఉంది. అందులో సల్ఫైడ్లు ఎక్కువ. గాలి తగులుతూ రోజుల తరబడి డబ్బాలో ఉంటే అవి ఆక్సీకరణం చెంది ఆమ్లం తయారవుతుంది. ఆమ్లంలో సున్నపు గుల్ల కరిగిపోయి గోధుమ రంగు చుట్టలాంటి లోపలి పొర మాత్రం మిగులుతుంది. శాంపిల్‌లో అలాంటి చుట్టలు ఎక్కువగా కనిపిస్తే అసలు అమ్మోనియా ఎంత ఉందో మీకు తెలియనట్టే. ఫార్మలిన్ వాడితే తప్పనిసరిగా బోరాక్స్ కలపండి, లేకపోతే అదే కరిగించేస్తుంది.

రెండో అడుగు: కడగడం, ఏరడం

63 మైక్రాన్ల జల్లెడలో సన్నటి నీటి ధార కింద, చేత్తో రుద్దకుండా కడగండి. బంకమట్టి వదలకపోతే పలుచటి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ద్రావణంలో కొన్ని గంటలు నానబెట్టండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడకం నేను ఒప్పుకోను; పలుచటి గోడలున్న అమ్మోనియా మీద దాని దెబ్బ కనిపిస్తుంది. కడిగినది 50 డిగ్రీల లోపు వేడిలో ఆరబెట్టండి.

ఫోబిమో సిఫార్సుల్లో లెక్కింపు 125 మైక్రాన్ల పైనున్న భాగంలో జరగాలని ఉంది. నదీముఖాల్లో చిన్న అమ్మోనియాలు దానికంటే కిందికి జారిపోతాయి. అందుకని 63 నుంచి 125 మైక్రాన్ల మధ్య భాగాన్ని పారేయకుండా విడిగా చూడాలి. నల్లటి గళ్ల పళ్లెంలో పల్చగా చల్లి, తడిపిన సన్నటి బ్రష్‌తో ఒక్కొక్కటీ ఎత్తి, గళ్ల స్లైడ్ మీద బంకతో అంటించాలి. ఒక శాంపిల్‌కు 300 గుల్లలు ఏరడం ఆనవాయితీ. వర్గీకరణ నేర్చుకునే దశలో అన్నిటినీ ఒకే వైపు తిప్పి అంటించకండి. సగం చుట్ల వైపు (అన్ని చుట్లూ కనిపించే వైపు) పైకి, సగం నాభి వైపు (చుట్ట మధ్య గుంట ఉన్న వైపు) పైకి, కొన్ని అంచు మీద నిలబెట్టి ఉంచండి. మూడు వైపులూ చూడకుండా ఈ ప్రజాతిని నిరూపించడం కుదరదు.

మూడో అడుగు: ఇది అమ్మోనియానేనా?

తొందరపడకూడని దశ ఇదే. మీ ముందున్న గుల్ల దాదాపు 0.2 నుంచి 0.6 మి.మీ. వెడల్పు ఉంటుంది. పొట్టిగా నొక్కిన నత్తగుల్లలా గదులు ఒక అక్షం చుట్టూ తిరుగుతూ కొద్దిగా పైకి లేస్తాయి. దాన్ని తడిపి, కాంతి ఒక పక్క నుంచి పడేలా పెట్టి, ఈ వరుసలో చూడండి.

ముందు గోడ. ఇసుక రేణువులు అతికించి కట్టిన గోడ అయితే అది వేరే గుంపు. పింగాణీలా తెల్లగా, కాంతి చొరనీయకుండా ఉంటే మిలియోలిడ్ల గుంపు. అమ్మోనియా గోడ కాల్సైట్‌తో చేసినది. తాజా గుల్ల గాజులా పారదర్శకంగా ఉంటుంది, గోడనిండా సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. చచ్చి చాలాకాలమైనవి తెల్లగా మసకబారతాయి. కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చకుండా విరిగిన అంచును చూడండి.

తర్వాత రెండు వైపులనూ పోల్చండి. చుట్ల వైపు తిప్పితే మధ్యలోని తొలి గది నుంచి చివరి గది దాకా అన్ని గదులూ, సాధారణంగా మూడు నాలుగు చుట్లు, కనిపించాలి. నాభి వైపు తిప్పితే చివరి చుట్టులోని గదులు మాత్రమే కనిపించాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే మీ చేతిలో ఉన్నది ఎల్ఫీడియమో, నోనియనో, హేనెసినానో, అంటే వేరే ఫోరామ్ ప్రజాతి కావచ్చు. ఎల్ఫీడియానికి గదుల మధ్య అతుకుల మీద చిన్న చిన్న వంతెనలు వరుసగా ఉంటాయి, ఒకసారి చూస్తే మర్చిపోరు.

ఇప్పుడు గుల్లను అంచు మీద నిలబెట్టండి. అమ్మోనియా రెండు వైపులా ఉబ్బి ఉంటుంది, అంచు గుండ్రంగా ఉంటుంది. నాభి వైపు బల్లపరుపుగానో లోపలికి గుంటగానో ఉంటే రోసాలినా లాంటివాటిని అనుమానించాలి. అంచు వెంట ముళ్ల మొదళ్లు కనిపిస్తే పారారొటాలియాను పరిశీలించాలి.

మిగిలిన అన్నిటికంటే ఎక్కువ సేపు నాభి వైపే గడపండి. నాభి అంటే చుట్ట మధ్యలో మిగిలిన గుంట. అమ్మోనియాలో అది ఖాళీగా తెరుచుకుని ఉండొచ్చు, లేదా మధ్యలో కాల్సైట్ గుబ్బ ఒకటి, కొన్నిసార్లు అనేకం ఉండొచ్చు. గదుల మధ్య అతుకు గీతలు అంచు దగ్గర సన్నగా మొదలై నాభి వైపు వచ్చేకొద్దీ లోతుగా, చీలికల్లా వెడల్పవుతాయి. ఆ చీలికల ఒడ్డున చిన్న చిన్న పూసల్లాంటి బుడిపెలు ఉండొచ్చు. నోరు చివరి గది అడుగున, నాభికీ అంచుకీ మధ్య వంపు తిరిగిన సన్నటి చీలికగా ఉంటుంది. దాంట్లో మట్టి ఇరుక్కుని ఉంటే తడి బ్రష్ కొనతో తీయండి. నోరు చూడకుండా ప్రజాతి పేరు రాయకండి.

మన తూర్పు తీరపు శాంపిళ్లలో అమ్మోనియాతో తరచూ కలిసిపోయేది ఆస్టెరోరొటాలియా ట్రైస్పినోసా. దీనికి మూడు పొడవాటి ముళ్లు ఉంటాయి. అవి ఉంటే అనుమానమే లేదు. కడిగేటప్పుడు అవి సులువుగా విరుగుతాయి, అప్పుడే చిక్కు. అందుకే అంచును చుట్టూ తిప్పి, దాదాపు సమాన దూరాల్లో మూడు విరిగిన మొదళ్లు ఉన్నాయేమో చూడండి. బంగాళాఖాతం నుంచి వచ్చిన ప్రతి శాంపిల్‌కీ ఈ పరీక్ష పెట్టాలి.

పశ్చిమ తీరంలో అలా మోసం చేసేది రొటాలిడియం అనెక్టెన్స్. అది సాధారణంగా పెద్దది, చివరి చుట్టులో గదులు ఎక్కువ. నాభి వైపు అతుకుల మీద పలకలు కప్పుకుని అదనపు చిన్న గదులు ఏర్పడినట్టు ఉంటుంది. అమ్మోనియాలో ఆ చీలికలు తెరుచుకునే ఉంటాయి, ఈ రెండింటికీ ముఖ్యమైన తేడా ఇదే. పాత భారతీయ పత్రాల్లో ఇదే జాతి అమ్మోనియా పేరుతోనూ కనిపిస్తుంది. పాత జాబితాలను మీ లెక్కతో పోల్చేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి.

నాలుగో అడుగు: ఒకే జాతిలో ఎంత తేడా ఉండగలదో తెలుసుకోవడం

జాతుల జోలికి వెళ్లేముందు, తేడా కనిపించినంత మాత్రాన వేరే జాతి కాదని మనసులో పెట్టుకోవాలి. అమ్మోనియాలో ఆ తేడాలకు కనీసం నాలుగు కారణాలున్నాయి.

ఒకటి, తరాల మార్పు. ఫోరామ్‌లలో లైంగిక తరం, అలైంగిక తరం మారుతూ వస్తాయి. ఒక తరం గుల్లలకు తొలి గది పెద్దది, మరో తరానికి తొలి గది బాగా చిన్నది. తొలి గది చిన్నగా ఉన్నవి చాలాసార్లు ఎక్కువ చుట్లు తిరిగి పెద్దగా ఎదుగుతాయి. చుట్ల వైపు నీరో గ్లిజరినో రాసి చూస్తే తొలి గది కనిపిస్తుంది. దాని వ్యాసం కొలవండి.

రెండోది వయసు. రొటాలియిడ్ ఫోరామ్ కొత్త గది కట్టిన ప్రతిసారీ గుల్ల మొత్తం పైన కూడా ఒక పలుచటి కాల్సైట్ పొర వేస్తుంది. కాబట్టి పాత గదుల మీద పొర మీద పొర చేరుతుంది. వయసు పెరిగిన గుల్లలో మధ్య భాగం మందంగా, నగిషీ ఎక్కువగా, గుబ్బ పెద్దగా కనపడటానికి కారణం ఇదే. పిల్ల గుల్లనూ పెద్ద గుల్లనూ పక్కపక్కన పెట్టి రెండు జాతులు అనడం ఇక్కడే మొదలవుతుంది. పోలిక ఎప్పుడూ ఒకే పరిమాణం, దాదాపు ఒకే గదుల సంఖ్య ఉన్నవాటి మధ్యే జరగాలి.

మూడోది పరిసరాలు, వాటిని బట్టి గుల్ల రూపం మారడం. 1974లో డెట్మార్ ష్నిట్కర్ ప్రయోగశాలలో పెంచిన అమ్మోనియా సంతానంలో, వేర్వేరు పేర్లతో చలామణి అయిన రూపాలు కనిపించాయని చూపించాడు. ఆ తర్వాత చాలామంది అన్నిటినీ ఒకే జాతి కింద చేర్చడానికి మొగ్గారు. 1990లో వాల్టన్, స్లోన్ ఇదే ధోరణిలో అమ్మోనియా బెక్కారి కింద మూడు రూపాలను గుర్తించారు: నాభిలో గుబ్బ లేని టెపిడా, గుబ్బ ఉన్న పార్కిన్సోనియానా, నగిషీ ఎక్కువగా ఉన్న బెక్కారి.

నాలుగోది వైకల్యం. కాలుష్యం, ఉప్పదనంలో హఠాత్తు మార్పులు, గుల్ల విరిగి మళ్లీ కట్టుకోవడం లాంటి కారణాలతో వంకర గదులు, జంట గుల్లలు వస్తాయి. వీటిని విడి గడిలో అంటించి సంఖ్య రాయండి, జాతి కొలతల్లో మాత్రం కలపకండి. చుట్టు ఎడమకు తిరిగిందా కుడికా అన్నది కూడా రాసుకోండి, కానీ ఆ ఒక్కదాన్ని బట్టి జాతిని విడదీయకండి.

ఐదో అడుగు: కొలతలు

ప్రతి గుంపు నుంచి పెద్ద గుల్లలు కనీసం ఇరవై ఎంచుకోండి. అతి పెద్ద వ్యాసం, మందం, చివరి చుట్టులో గదుల సంఖ్య, మొత్తం చుట్లు, తొలి గది వ్యాసం కొలవండి. అంచు గది గదికీ ఉబ్బి ఉందా నున్నగా సాగిందా, నాభిలో గుబ్బ ఉందా, నాభి వైపు అతుకుల ఒడ్డున పూసలున్నాయా, చుట్ల వైపు మధ్య భాగంలో అతుకులు ఎత్తుగా లేచాయా, ఉపరితలానికి సమంగా ఉన్నాయా అన్నవి ‘ఉంది’, ‘లేదు’ అని కాకుండా మూడు నాలుగు స్థాయిల్లో రాసుకోండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే సూక్ష్మరంధ్రాల వ్యాసం కూడా కొలవాలి. చుట్ల వైపు, చివరి గది వదిలేసి దాని ముందు గదిలో కొలవడం మంచిది. చివరి గది గోడ ఇంకా పలుచగా ఉంటుంది, విరిగి కూడా ఉండొచ్చు. ఈ రంధ్రాల కొలత ఎందుకంత ముఖ్యమో తర్వాతి అడుగులో తెలుస్తుంది.

ఆరో అడుగు: జాతి దాకా వెళ్లడం

2000 ప్రాంతం నుంచి డీఎన్ఏ ఈ కథను మార్చేసింది. హేవర్డ్, హోల్జ్‌మన్, పావ్లోవ్‌స్కీ తదితరులు 2004లో ప్రపంచంలోని అనేక తీరాల నుంచి తెచ్చిన బతికున్న అమ్మోనియాల జన్యుక్రమాలు చదివి, గుల్లల కొలతలతో పోల్చారు. 13 వేర్వేరు జన్యు రకాలు తేలాయి. అవి గుల్ల ఆకారంలో కూడా చాలావరకు విడదీయదగినవే. అంటే ఒకే జాతి పరిసరాలను బట్టి రూపం మార్చుకుంటోందన్న వాదన మొత్తం కథను చెప్పలేదు. ష్నిట్కర్ చూసిన వైవిధ్యం నిజమే, దానితోపాటు నిజమైన వేర్వేరు జాతులు కూడా ఉన్నాయి. నా దృష్టిలో ఈ ప్రజాతి మీద పనిచేసేవాళ్లు ముందుగా చదవాల్సిన పత్రం ఇదే.

ఈ రకాలను టీ1, టీ2 అంటూ సంఖ్యలతో పిలుస్తారు. 2021లో హేవర్డ్ బృందమే వాటిలో చాలావాటిని పాత వర్ణనలతో జతచేసి జాతి పేర్లు ఇచ్చింది. టీ1కి అమ్మోనియా వెనెటా, టీ2కి అమ్మోనియా అబెర్డోవియెన్సిస్, టీ6కి అమ్మోనియా కాన్‌ఫెర్టిటెస్టా. ఈ టీ6 తూర్పు ఆసియా నుంచి నౌకలతో యూరప్ చేరిందని భావిస్తున్నారు. కొంతకాలం దాన్ని అమ్మోనియా అవోమోరియెన్సిస్ అని పిలిచారు. పదిహేనేళ్ల తేడాతో వచ్చిన రెండు పత్రాల్లో ఒకే జీవికి రెండు పేర్లు ఉండటం ఇలా జరుగుతుంది.

యూరప్ తీరాల్లో ఈ మూడింటినీ డీఎన్ఏ లేకుండా విడదీయడానికి 2019లో రిషిర్ తదితరులు ఒక తేలిక పద్ధతి చూపించారు. డజన్లకొద్దీ కొలతలు తీసుకుని, చివరికి రెండే లక్షణాలు చాలన్నారు: చుట్ల వైపు మధ్యలో అతుకులు ఎత్తుగా ఉన్నాయా, సూక్ష్మరంధ్రాలు ఎంత పెద్దవి. అతుకులు ఎత్తుగా ఉంటే టీ1. సమంగా ఉండి రంధ్రాలు చిన్నవైతే టీ2, పెద్దవైతే టీ6. ఆ పద్ధతిని యథాతథంగా మన తీరానికి తెచ్చి అతికించకండి. అది ఆ మూడు రకాలు మాత్రమే ఉన్న తీరాల కోసం తయారైనది. ఇక్కడ నాలుగో రకం ఉంటే అది కూడా ఆ మూడింట్లో ఏదో ఒకదాని గడిలో పడిపోతుంది. ఏ లక్షణాలు చూడాలి అన్న సూచన మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నదీముఖం దగ్గర మీరు ఏరిన గుల్ల 0.35 మి.మీ. ఉందనుకోండి. చుట్ల వైపు మూడు చుట్లు, చివరి చుట్టులో ఏడు గదులు. అంచు ప్రతి గది దగ్గరా ఉబ్బి, మధ్యలో నొక్కుకుని ఉంది. తిప్పితే నాభి తెరుచుకుని, చిన్నదిగా, గుబ్బ లేకుండా ఉంది. అతుకు చీలికల లోపలి కొనల దగ్గర నాలుగైదు చిన్న బుడిపెలు తప్ప నగిషీ లేదు. ముళ్ల మొదళ్లు లేవు, పలకలు లేవు. నోరు చివరి గది అడుగున సన్నటి చీలిక. ప్రజాతి అమ్మోనియా అన్నది రుజువైంది. రూపం కుష్మన్ 1926లో పోర్టో రికోలోని శాన్ హ్వాన్ హార్బర్ నుంచి వర్ణించిన టెపిడాకు దగ్గరగా ఉంది. అలాగని ‘అమ్మోనియా టెపిడా’ అని రాసేయొచ్చా? కరీబియన్ సముద్రపు ఆ జీవి, బంగాళాఖాతపు ఈ జీవి ఒకటే అనడానికి మీ దగ్గర డీఎన్ఏ ఆధారం లేదు. కాబట్టి ‘అమ్మోనియా సి.ఎఫ్. టెపిడా’ అని రాయండి. ఆ రెండు అక్షరాలు ‘దీనితో పోల్చదగినది’ అని చదివేవారికి చెబుతాయి. టెపిడాతో కూడా సరిగ్గా కలవని గుంపు ఉంటే ‘అమ్మోనియా ఎస్.పి. 1’, ‘అమ్మోనియా ఎస్.పి. 2’ అని (ఎస్.పి. అంటే జాతి పేరు ఇంకా తేలనిది) సంఖ్యలిచ్చి, ఫొటో, కొలతలు జోడించండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. తర్వాత ఎవరైనా ఆ ఫొటో చూసి సరైన పేరు పెట్టగలరు. తప్పుడు బెక్కారిని మాత్రం జాబితాలోంచి ఎవరూ వెనక్కి లాగలేరు.

అదే శాంపిల్‌లో ఎనిమిది తొమ్మిది గదులు, అంచు నున్నగా, నాభి మధ్యలో స్పష్టమైన ఒకే గుబ్బ ఉన్న గుల్లలు కూడా ఉన్నాయనుకోండి. వాటిని డోర్బిన్యి 1839లో క్యూబా ఇసుక నుంచి వర్ణించిన పార్కిన్సోనియానాతో పోల్చాలి. ఇక్కడ వయసు పరీక్ష తప్పనిసరి. 0.35 మి.మీ. పరిమాణంలోనే ఒక గుంపుకు గుబ్బ ఉండి, మరో గుంపుకు లేకుండా, మధ్యస్థ రూపాలు దొరక్కపోతే రెండు గుంపులుగా ఉంచండి. మధ్యస్థ రూపాలు వరుసగా దొరికితే ఒకే గుంపుగా ఉంచి, ఆ వరుసను ఫొటోల్లో చూపించండి.

ఏడో అడుగు: డీఎన్ఏకి పంపడం

బతికున్న గుల్లను గుర్తుపట్టడం అంత కష్టం కాదు. లోపల పసుపు, నారింజ, ఆకుపచ్చ కలిసిన రంగులో జీవపదార్థం కనిపిస్తుంది. శుభ్రమైన సముద్రపు నీటిలో గాజు పళ్లెంలో ఉంచితే కొన్ని గంటల్లో మిథ్యాపాదాలు చాపి, చుట్టూ ఉన్న బురదను పోగుచేసుకుంటుంది. అంటుకున్న డయాటమ్‌లు (సూక్ష్మ శైవలాలు), బురద పోయేలా బ్రష్‌తో తుడవండి. లేకపోతే మీరు చదివేది వాటి డీఎన్ఏ అవుతుంది.

ఫొటో ముందు, డీఎన్ఏ తర్వాత. ఈ వరుస మారకూడదు. సాధారణ పద్ధతుల్లో గుల్లను నలిపేస్తారు. ఆ తర్వాత జన్యుక్రమం ఉంటుంది గానీ అది ఏ ఆకారానిదో ఎవరికీ తెలియదు. గ్వానిడిన్ ఆధారిత ద్రావణం వాడితే గుల్ల మిగిలే వీలుంది, వీలైనంతవరకు అదే ఎంచుకోండి. ఫోరామ్‌ల గుర్తింపుకు ఎక్కువగా వాడేది రైబోజోమ్ చిన్న ఉపభాగపు జన్యువు చివరి ముక్క. అమ్మోనియా మీద పాత పని చాలావరకు పెద్ద ఉపభాగపు జన్యువు మీద జరిగింది. టీ సంఖ్యలతో పోల్చాలంటే ఏ ముక్క చదివారో చూసుకోండి. వచ్చిన క్రమాన్ని జెన్‌బ్యాంక్ అనే జన్యుక్రమాల బహిరంగ నిధిలో వెతికితే దగ్గర పోలికలు వస్తాయి. అక్కడ పోలిక పక్కన ఉన్న పేరును నమ్మేముందు, ఆ పేరు ఎవరు, ఏ ఫొటో ఆధారంగా పెట్టారో చూడండి. పాత నమోదుల్లో పేర్లు పాతవే మిగిలిపోయాయి.

ఎనిమిదో అడుగు: పేరు రాయడం, శాంపిల్ దాచడం

ఏకకణ జీవులైనా ఫోరామ్‌లకు జంతు నామకరణ నియమావళే వర్తిస్తుంది. జాతిని మొదట వేరే ప్రజాతిలో వర్ణించి ఉంటే కర్త పేరు, సంవత్సరం కుండలీకరణాల్లో వస్తాయి: అమ్మోనియా బెక్కారి (లిన్నేయస్, 1758). మొదటి నుంచీ అమ్మోనియాగానే వర్ణిస్తే కుండలీకరణాలు ఉండవు: అమ్మోనియా కాన్‌ఫెర్టిటెస్టా జెంగ్, 1978. పేరు ఇప్పుడు చెల్లుతోందా లేదా అన్నది ప్రపంచ సముద్ర జాతుల పట్టికలోని ఫోరామినిఫెరా విభాగంలో చూడండి. మూల వర్ణన కోసం ఎల్లిస్, మెస్సినా కేటలాగ్ తెరవండి. బొమ్మ చూసి ఊరుకోకుండా ఆ గుల్ల ఏ తీరం నుంచి, ఎంత లోతు నుంచి వచ్చిందో చదవండి.

మీ నివేదికలో ప్రతి గుంపుకూ చుట్ల వైపు, నాభి వైపు, అంచు వైపు మూడు ఫొటోలు, స్కేలుతో సహా ఉండాలి. దాని కింద పర్యాయ నామాల (అదే జీవికి ఇతరులు వాడిన పేర్ల) జాబితా ఇవ్వండి. అందులో మీరు బొమ్మ చూసి ఒప్పుకున్నవే చేర్చండి. పేరు మాత్రమే ఉన్న పాత జాబితాలను చేర్చకండి. స్లైడ్ మీద చోటు, తేదీ, జల్లెడ పరిమాణం, ఏరినవారి పేరు చెరగని సిరాతో రాయండి. కొన్ని గుల్లలను మీ విభాగపు మ్యూజియంలో నమోదు సంఖ్యతో అప్పగించి, ఆ సంఖ్యను నివేదికలో ఇవ్వండి. డీఎన్ఏ తీసిన గుల్ల మిగిలితే అది కూడా అదే నమోదు సంఖ్య కింద, విడి గడిలో ఉండాలి.